పట్టిన కోతుల్ని ఎక్కడ వదిలారో రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. ట్రాలీ ఆటోలో ఇనుప బోన్లు, బోనుల్లో ఒకదాని మీద ఒకటి కిక్కిరిసిన కోతులు, పక్కన నవ్వుతూ కౌన్సిలర్లు. పట్టణానికి కోతుల పీడ విరగడైందని హెడ్డింగ్. కింద వార్తంతా చదివితే, పట్టినవాటిని "దూరంగా అడవిలో వదిలిపెట్టారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఏ అడవి, ఆ అడవి అంచున ఏ ఊరుంది, ఆ ఊరివాళ్లను ఎవరైనా అడిగారా అన్నది లేదు. అదొక్కటే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదేమో. కళ్లద్దాలు పెట్టుకుని ఫొటో మళ్లీ చూస్తే, ముందు బోనులో ఉన్నవాటికి తోకలు బారెడున్నాయి, నెత్తిన జుట్టు మధ్యలో పాపిడి తీసి చుట్టూ దువ్వినట్టుంది. మా వైపు చేల మీద పడే కోతులు చాలావరకు అవి కావు. అది వేరే జాతి, బానెట్ కోతి. తగ్గిపోతున్న జాతి. వన్యప్రాణి చట్టంలో పెద్దపులి ఏ షెడ్యూల్లో ఉందో అదీ అందులోనే ఉంది. టెండర్ ఇచ్చినవాళ్లకు ఈ సంగతి తెలుసా అని నా అనుమానం.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. అలాగని ఏసీ గదిలో కూచుని కోతుల మీద జాలి ఒలకబోసే బాపతు అనుకోకండి. ఊళ్లో మాకు చెలక ఉంది. ఒకప్పుడు పల్లికాయ, పెసర, కంది, గట్ల మీద బీర, సొర పాదులు. ఇప్పుడు పత్తి తప్ప ఇంకోటి వేయం, ఎందుకంటే కోతి ముట్టనిది అదే. చుట్టుపక్కల అందరిదీ ఇదే తంతు, సొంత భూమి పెట్టుకుని వంకాయలు సంతలో కొనుక్కు తింటున్నాం. మొక్కజొన్న వేసినవాడు కంకి పాలు పోసుకున్న దగ్గర్నుంచి కోత దాకా ఇల్లు మరిచిపోవాల్సిందే, తెల్లవారకముందే పోయి మంచె ఎక్కాలి, అన్నం తినడానికి దిగితే ఆ అరగంటలోనే పని కానిచ్చేస్తాయి. పెంకుటింటివాళ్ల బాధ వేరు, ఒక్కో పెంకూ ఎత్తి చూసి కింద పడేస్తాయి, వానలు మొదలయ్యేలోపు కప్పు మళ్లీ సర్దించుకోవాలి. సిద్దిపేట జిల్లాలో ఒక రైతు ఎలుగుబంటి వేషం వేసిన మనిషిని రోజు కూలికి పెట్టి చేలో తిప్పాడన్న వార్త దేశమంతా నవ్వుకుంటూ చదివింది, మా ఊళ్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఇప్పుడు సర్పంచ్ ఎన్నికలొస్తే రోడ్డు, నీళ్ల కన్నా ముందు అడిగేది కోతుల సంగతే.

కాబట్టి కోతుల్ని ఏమీ చేయొద్దని నేను చెప్పబోవడం లేదు. చేస్తున్న పనే కోతుల్ని పెంచుతోందని చెప్పబోతున్నాను.

ముందు ఏ కోతి ఏదో చూద్దాం, ఇది కష్టమేమీ కాదు, ఐదో తరగతి పిల్లాడికి చెప్పినా పట్టేస్తాడు. మన దగ్గర తిరిగేవి రెండు రకాలు, కొండముచ్చును పక్కన పెడితే. ఒకటి రీసస్ కోతి. తోక పొట్టి, ఒంటి పొడవులో సగం ఉంటుంది, నడుము కింద నుంచి పిర్రల దాకా బొచ్చు నారింజ రంగులో మెరుస్తుంది. నెత్తిన జుట్టు వెనక్కి ఉంటుంది. రక్తం గ్రూపు చెప్పేటప్పుడు పాజిటివ్, నెగెటివ్ అంటామే, ఆ ఆర్‌హెచ్ అన్న రెండక్షరాలు ఈ రీసస్ కోతి పేరు నుంచి వచ్చినవే. రెండోది బానెట్ కోతి. ఒంటి రంగు బూడిద గోధుమ, తోక దాదాపు ఒంటి పొడవంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, నెత్తిన జుట్టు సుడి తిరిగి చిన్న టోపీ పెట్టినట్టు కనబడుతుంది. అనుమానం వస్తే మొహం చూడొద్దు, తోక చూడండి. తిరుమల ఘాట్ రోడ్డులో, శేషాచలం కొండల్లో కనబడేవి ఈ బానెట్ కోతులు. ఇవి ప్రపంచంలో మన దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేవు. రీసస్ అలా కాదు, అఫ్గానిస్తాన్ నుంచి చైనా దాకా ఉంది.

స్వభావంలో కూడా తేడా ఉంది. రెండింటిలోనూ ఆడవి పుట్టిన గుంపులోనే బతుకంతా ఉంటాయి, తల్లికి గుంపులో ఏ స్థానమో కూతుళ్లకూ దాదాపు అదే. మగవి పెరిగాక గుంపు మారతాయి. అయితే రీసస్ గుంపులో పెత్తనం గట్టిగా ఉంటుంది, కిందివాటిని పైవి ఊరికే కొరికి తరుముతాయి, పారిపోవడం తప్ప ఎదురు తిరగడం తక్కువ. బానెట్ గుంపు కాస్త మెతక, మగవి కూడా ఒకదాన్నొకటి ఆనుకుని కూచోవడం, పేలు చూసుకోవడం కనబడుతుంది. ఒకే చెట్టు దగ్గర, ఒకే చెత్తకుప్ప దగ్గర రెండు జాతులూ ఎదురుపడితే ఎవరు వెనక్కి తగ్గుతారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయం. పాత లెక్కల ప్రకారం ఈ రెండు జాతులకూ మధ్య ఒక హద్దు ఉండేది, సుమారుగా పడమర తపతి నది, తూర్పున గోదావరి. పైన రీసస్, కింద బానెట్. 1981లో శాస్త్రవేత్తలు ఆ హద్దును మళ్లీ గీసి చూపించారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌కు చెందిన సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తమ సహచరుడితో కలిసి ఆ హద్దు పొడుగునా తిరిగి చూశారు. 2011లో అచ్చయిన వాళ్ల పేపర్ సారాంశం ఏమిటంటే, రీసస్ దక్షిణానికి జరుగుతూ వస్తోంది, అది వచ్చినచోట బానెట్ కనబడకుండా పోతోంది, కొన్నిచోట్ల రెండూ కలిసిన గుంపులూ ఉన్నాయి. రీసస్ ఇలా కిందికి రావడానికి వాళ్లు చూపించిన కారణాల్లో ఒకటి మనుషులే. ఒకచోట పట్టి ఇంకోచోట వదలడం. అంటే గోదావరిని కోతి ఈదిందా, వంతెన దాటిందా అని మనం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, చాలావాటిని లారీ ఎక్కించి మనమే దించాం.

ఇదే కాలంలో మైసూరు విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మేవా సింగ్ బృందం కర్ణాటకలో బానెట్ కోతుల్ని ఏళ్ల తరబడి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. మైసూరు ప్రాంతంలో పాతికేళ్లలో వాటి సంఖ్య అరవై ఐదు శాతానికి పైగా పడిపోయిందని 2017లో రాశారు. అక్కడ రీసస్ పోటీ కూడా లేదు. రోడ్ల వెంట పెద్ద మర్రిచెట్లు కొట్టేయడం, ఊళ్లలో పట్టి వేరేచోట పారేయడం, ఇవే వాళ్లు చెప్పిన కారణాలు. అప్పటిదాకా "బానెట్‌కేం, ఎక్కడ చూసినా అదే" అని అందరం అనుకున్నాం, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ జాబితాలో కూడా దిగుల్లేని జాతుల్లో వేశారు. ఇప్పుడు ఆ జాబితాలోనే దాన్ని ముప్పున్న జాతిగా మార్చారు. కళ్లెదుట రోజూ కనబడే జంతువు తగ్గిపోతోందంటే ఎవరూ నమ్మరు, పిచ్చుకల విషయంలోనూ ఇలాగే జరిగింది.

చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సవరణలో రీసస్ కోతిని షెడ్యూళ్ల నుంచి తీసేశారు, అంటే దాన్ని పట్టడానికి అటవీ శాఖ అనుమతి అడ్డంకి పోయింది. అదే సవరణలో బానెట్ కోతి అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోకి వెళ్లింది. దాన్ని పట్టాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కేరళ ప్రభుత్వం దాన్ని మళ్లీ రెండో షెడ్యూల్‌కు మార్చమని కేంద్రాన్ని అడుగుతోంది కూడా, వాళ్ల రైతుల బాధ వాళ్లది. ఆ వాదన ఎటు తేలినా ఈరోజుకు ఉన్న చట్టం ఇది. మరి మన మున్సిపాలిటీలూ పంచాయతీలూ ఇచ్చే టెండర్లలో ఏముంటుంది? నాకు చూపించిన కాగితంలో "కోతులు పట్టి దూరప్రాంతంలో వదులుట, తలకు ఇంత" అని ఉంది. రీసస్సా, బానెట్టా అన్న మాటే లేదు. పట్టేవాడికి తల లెక్క ముఖ్యం, వాడికి తోక పొడవు చెప్పినా పట్టించుకోడు, అలా పట్టించుకోవడానికి వాడికి డబ్బులివ్వట్లేదు కదా.

తలకు ఇంత అన్న పద్ధతిలో ఉన్న తిరకాసు ఇంకోటి చెప్పాలి. పట్టిన కోతులు తిరిగొస్తే వాడికి నష్టం ఉందా? ఇంకో ఊరి మీద పడితే ఆ ఊరివాళ్లూ వాణ్నే పిలుస్తారు. నేనెవరి మీదా నింద వేయట్లేదు, పద్ధతే అలా పెట్టాం అంటున్నాను. మా మండలంలో ఒక ఊరి కోతుల్ని రాత్రికి రాత్రి తెచ్చి పక్క ఊరి గుట్ట దగ్గర దించారని రెండు ఊళ్ల మధ్య పంచాయితీ జరిగింది, ట్రాలీకి అడ్డం పడుకున్నంత పని చేశారు. మీ రిపోర్టర్లకు ఇలాంటివి నాకన్నా ఎక్కువ తెలిసుంటాయి.

బోను పెడితే ఏం పడుతుంది? తినడానికి తెగించినవి పడతాయి, ఎక్కువగా పిల్లకోతులు, వయసులో ఉన్న మగవి. పిల్లలెత్తుకున్న ముసలి ఆడకోతులు తొందరగా లోపలికి రావు, గుంపుకు దారి తెలిసినవి అవే. అంటే గుంపు మొత్తం రాదు, ముక్కలవుతుంది. మిగిలినవాటికి తిండి పోటీ తగ్గింది, ఇంకా బాగా తింటాయి, ఇంకా బాగా పిల్లల్ని పెడతాయి. ఆ గుంపు బలహీనపడితే పక్క గుంపు వచ్చి ఆ జాగా ఆక్రమిస్తుంది, ఎందుకంటే చెత్తకుప్ప అక్కడే ఉంది, గుడి దగ్గర అరటిపండ్లు అక్కడే ఉన్నాయి. ఇక అడవిలో దించినవాటి సంగతి చూడండి. ఎక్కడ నీళ్లున్నాయో తెలియదు, ఏ నెలలో ఏ చెట్టు పండుతుందో తెలియదు, అప్పటికే అక్కడున్న గుంపు తన్ని తరుముతుంది. పుట్టిన దగ్గర్నుంచి బిస్కెట్లు, అన్నం, టమాటాలు తిని పెరిగిన కోతి ఏం చేస్తుంది? కుక్క అరుపు, మైకు చప్పుడు ఎటునుంచి వినబడితే అటు నడుస్తుంది. మొదటి ఊరు ఎవరిదైతే వాళ్లదే దురదృష్టం.

ఢిల్లీ ఉదాహరణ అందరికీ తెలిసిందే. 2007లో అక్కడ డిప్యూటీ మేయర్ తన ఇంటి బాల్కనీలో కోతులు మీదికొస్తే తరమబోయి కిందపడి చనిపోయారు. అదే ఏడు హైకోర్టు ఆదేశం మీద నగరంలో కోతుల్ని పట్టి అసోలా భట్టీ అభయారణ్యానికి తరలించడం మొదలుపెట్టారు. వేలకు వేలు తరలించారు. ప్రభుత్వమే రోజూ పండ్లూ కూరగాయలూ కొని పెడుతోంది. గోడ కట్టారు. కోతికి గోడ ఒక లెక్కా? పక్క ఊళ్లకు ఎప్పుడూ లేని కోతుల బెడద పట్టుకుంది, ఢిల్లీలో మాత్రం కోతులు ఉన్నచోటే ఉన్నాయి, విదేశీ అతిథులొస్తే వాటిని బెదరగొట్టడానికి కొండముచ్చుల కటౌట్లు పెడుతున్నారు. కటౌట్లంటే గుర్తొచ్చింది, మన ఊళ్లలోనూ కొందరు కొండముచ్చును తెచ్చి కట్టేసుకుంటున్నారు, చిరుత బొమ్మలు, పులి ఫ్లెక్సీలు కడుతున్నారు. కొండముచ్చును అలా ఉంచుకోవడం నేరం. బొమ్మల మాటకొస్తే, అడవిలో పెరిగిన బానెట్ కోతులకు చిరుత బొమ్మ చూపించి పరిశోధన చేశారు, మచ్చలున్న బొమ్మను చూస్తే మచ్చల్లేని నల్ల బొమ్మకన్నా త్వరగా పారిపోయాయట. ఆ భయం పుట్టుకతో వచ్చింది. కానీ కదలని బొమ్మ రోజూ అదేచోట ఉంటే అది చిరుత కాదని తెలుసుకోవడానికి కోతికి వారం కూడా పట్టదు. మా పొలంలో ఫ్లెక్సీ పులి మీద కూచుని కంది కాయలు వొలుచుకు తినేది ఒకటి.

తరలింపు ఎక్కడా పనిచేయదని మాత్రం అనను. 1997లో బృందావనంలో సుమారు 600 రీసస్ కోతుల్ని పట్టి వేరే అటవీ ప్రదేశాలకు పంపారు, అది బాగానే జరిగిందని పరిశోధకులు రాశారు. ఎందుకు జరిగిందంటే గుంపుకు గుంపును కలిపి పట్టారు, వదిలే చోట నీళ్లు, చెట్లు ముందే చూసుకున్నారు, వదిలాక వెనక పోయి గమనించారు. మన ట్రాలీ ఆటో పద్ధతికీ దానికీ పోలిక ఉందా చెప్పండి.

మరి ఏం చేయాలి అంటే, తేలిక దారి లేదు, ఉన్నది కుటుంబ నియంత్రణే. హిమాచల్‌ప్రదేశ్ 2007 ప్రాంతం నుంచి ఈ పని చేస్తోంది, లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేశారు. 2004లో అక్కడ కోతుల లెక్క మూడు లక్షలు దాటింది, 2019-20 లెక్కలో లక్షా ముప్పై ఆరు వేల దగ్గరికి వచ్చింది. ఆ లెక్కల్ని అక్కడి రైతు సంఘాలు ఒప్పుకోవట్లేదని కూడా చెప్పాలి, కోతులు తగ్గలేదు, చెదిరిపోయాయంతే అంటారు వాళ్లు. 2016లో సిమ్లాలో కోతుల్ని చంపడానికి కేంద్రం అనుమతిచ్చింది, తర్వాత ఇంకొన్ని చోట్లకూ ఇచ్చింది, కానీ చంపడానికి ముందుకొచ్చినవాళ్లు చాలా తక్కువ. హనుమంతుడి దేశంలో అది జరిగేది కాదని ముందే తెలిసుండాలి. మన దగ్గర "చంపి పారేయండి" అని మీటింగుల్లో కేకలు వేసేవాళ్లకు ఇది చెబుతున్నాను, ఆర్డర్ వచ్చినా మీరే చంపరు.

హిమాచల్ పద్ధతిలో నాకు ముఖ్యమనిపించింది, ఆపరేషన్ చేసిన కోతిని ఎక్కడ పట్టారో అక్కడే వదిలేయడం. మనవాళ్లకు ఇది వింటే కోపం వస్తుంది, పట్టిన దరిద్రాన్ని మళ్లీ తెచ్చి ఇక్కడే వదులుతావా అని. కానీ ఆలోచించండి, ఆ గుంపు అక్కడ ఉన్నంతకాలం పక్క గుంపును రానివ్వదు, తను పిల్లల్ని పెట్టదు. గుంపు తీసేస్తే ఖాళీ జాగా అవుతుంది, ఖాళీ జాగా నెలల్లోనే నిండుతుంది. ఇంకోటి, ఆపరేషన్ మగవాటికి చేస్తే సులువు, ఖర్చు తక్కువ, అందుకే సంఖ్య చూపించుకోవడానికి మగవాటికి చేసి లెక్క రాస్తుంటారు. గుంపులో ఒక్క మగకోతి మిగిలినా చాలు కదా. చేస్తే ఆడవాటికి చేయాలి, ఒక గుంపులో చాలావాటికి చేయాలి, పది ఊళ్లలో రెండేసి కోతులకు చేస్తే డబ్బు దండగ. రీసస్ ఆడకోతి మూడు నాలుగేళ్లకు ఈడుకొస్తుంది, అయిదున్నర నెలలు మోస్తుంది, తిండి బాగుంటే ఏడాదికొక పిల్ల. ఇరవై ఏళ్లు బతికేస్తుంది కూడా. కాబట్టి ఈ ఏడు ఆపరేషన్లు చేస్తే ఈ ఏడు పంట దక్కదు, ఉన్న కోతులు తింటూనే ఉంటాయి. ఫలితం ఐదారేళ్లకు కనబడుతుంది. ఐదేళ్ల పదవిలో ఉన్నవాళ్లకు ఇది రుచించదు, అదే చిక్కు.

తెలంగాణలో నిర్మల్ దగ్గర గండి రామన్న అడవిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం పెట్టారు, ఆపరేషన్ థియేటర్‌తో సహా. దక్షిణాదిలో ఇలాంటిది అప్పటికి లేదు, మంచి ఆరంభం. కానీ అలంపూర్‌లో పట్టిన కోతిని నిర్మల్ దాకా తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి మళ్లీ అలంపూర్‌కు తెచ్చే పంచాయతీ ఏది? పశువైద్యులు మన జిల్లాలన్నింటిలో ఉన్నారు, వాళ్లకు శిక్షణ ఇచ్చి పాత ఉమ్మడి జిల్లాకు ఒక్క కేంద్రమైనా పెడితే తప్ప ఇది ముందుకు పోదు. ఆంధ్రప్రదేశ్‌ సంగతి కూడా అంతే, అక్కడ బానెట్ కోతులు ఎక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్తగా చేయాలి.

తిండి దగ్గరికి వద్దాం. కర్ణాటకలోని బండీపూర్‌లో బానెట్ కోతుల మీద చేసిన ఒక పరిశోధన నాకు చాలా నచ్చింది, 2018లో వచ్చింది. అక్కడి కోతులు చేతిలో తిండి ఉన్న మనిషిని చూసి, వాడు తమ వైపు చూస్తున్నాడా లేదా గమనించి, మెల్లగా ఒక కూత కూసి, చెయ్యి చాపుతాయట. ఇవ్వకపోతే మళ్లీ చాపుతాయట. అంటే అడుక్కోవడం నేర్చుకున్నాయి, అదీ మన కోసం ప్రత్యేకంగా తయారుచేసుకున్న సైగలతో. శాస్త్రవేత్తకు అది తెలివికి రుజువు. ఘాట్ రోడ్డు మీద కారాపి పిల్లాడి చేత బిస్కెట్ ఇప్పించి వీడియో తీసుకునేవాళ్లకు అది ముద్దు. ఆ కోతి మాత్రం రోడ్డు దిగడం మానేస్తుంది, ఎప్పుడో ఒకరోజు లారీ కింద పడుతుంది, లేదంటే ఇవ్వని మనిషి చేతిలో సంచి లాక్కుంటుంది. ఇంకోమాట, పళ్లు ఇకిలించిన కోతి నవ్వుతోందనుకుని దగ్గరికి పోయి సెల్ఫీ దిగుతుంటారు, అది భయంతో చేసే పని. కళ్లలోకి సూటిగా చూడటం వాటి లెక్కలో బెదిరింపు. చిన్నపిల్లలు కోతి ఎత్తులోనే ఉంటారు, గుడ్లప్పగించి చూస్తారు, అందుకే ఎక్కువగా పిల్లల మీదికే వస్తాయి. కరిస్తే పసుపు రాసి ఊరుకోకండి, సబ్బుతో బాగా కడిగి రేబిస్ టీకా వేయించండి, కుక్కకాటుకు వేయించినట్టే.

శనివారం గుడి దగ్గర అరటి గెలలు పంచే భక్తులతో వాదించి గెలవలేం, నాకా ఓపిక లేదు. కనీసం చెత్త సంగతి మన చేతుల్లో ఉంది. ఫంక్షన్ హాళ్ల వెనక, కూరగాయల మార్కెట్ వెనక, హాస్టళ్ల వెనక రోజూ పారబోసే అన్నమే పట్టణాల్లో కోతుల గుంపుల్ని ఇంతింత పెంచుతోంది. కోతుల టెండర్‌కు పెట్టే డబ్బుతో మూతలున్న డబ్బాలు కొంటే మేలు.

అడవిలో ఏముంది తినడానికి అని కూడా అడుగుతున్నారు, సరైన ప్రశ్నే. హరితహారంలో ఊరూరా కోతుల కోసం పండ్ల మొక్కలు పెట్టారు, మంకీ ఫుడ్ కోర్టులని పేరు పెట్టారు. మొక్కలు బతికినచోట సంతోషమే, అయితే చాలావాటిని ఊరికి దగ్గర్లో, చేలను ఆనుకుని పెట్టారు. కోతిని దూరం పంపాల్సిందిపోయి ఊరి పొలిమేరలో హోటల్ తెరిచినట్టయింది. పెట్టాల్సింది లోపల, అదీ జామ, దానిమ్మ లాంటివి కాదు, మేడి, జువ్వి, రావి, మర్రి, నేరేడు, మొర్రి, తునికి. మేడి, మర్రి జాతి చెట్లు ఒకటి కాకపోతే ఇంకోటి ఏడాది పొడుగునా కాస్తాయి, ఇంకేమీ పండని నెలల్లో కోతుల్నీ పక్షుల్నీ బతికించేవి అవే. తునికి చెట్టును ఆకు కోసం ఏటా కొమ్మ కొట్టి పొదలాగే ఉంచుతున్నాం, అది పండు దాకా ఎదగదు, కొట్టకపోతే కూలీలకు బీడీ ఆకు పని ఉండదు, కాబట్టి కొన్ని చెట్లనైనా వదిలేయమని అడగడం తప్ప గట్టిగా ఏమీ అనలేను. నీలగిరి తోటల్లో కోతికి దొరికేది నీడ, అదీ సరిగా ఉండదు. రోడ్ల వెడల్పులో కొట్టేసే మర్రిచెట్ల గురించి వేరే చెప్పక్కర్లేదు, చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కోసం హైదరాబాద్ వాళ్లు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు కాబట్టి అవి వార్తల్లోకి వచ్చాయి, మా రోడ్డువి వార్త కాకుండానే పోయాయి.

రైతుకు ఇప్పటికిప్పుడు ఏం దక్కుతుందని అడిగితే నా దగ్గర ఒక్కటే ఉంది. అడవి జంతువుల వల్ల పోయిన పంటకు ఫసల్ బీమాలో పరిహారం ఇచ్చే వీలు కల్పిస్తామని, 2026 ఖరీఫ్ నుంచి అమలని కేంద్రం ప్రకటించింది. ఏయే జంతువులన్నది రాష్ట్రాలు నోటిఫై చేయాలి, పంట పోయిన 72 గంటల్లో రైతు ఫోన్‌లో ఫొటోతో తెలపాలి. మన రెండు రాష్ట్రాల జాబితాల్లో అడవిపంది ఉంటుందని నాకు నమ్మకం ఉంది, కోతి ఉంటుందా అన్నదే సందేహం. కోతి పంట నష్టం ఒక్కరోజులో జరగదు, రోజుకు కొంచెం చొప్పున నెల పొడుగునా జరుగుతుంది, 72 గంటలని దేన్ని లెక్కపెడతారో కూడా రైతు సంఘాలు ఇప్పుడే అడిగి రాయించుకోవాలి.

చివరగా మీ పత్రిక వల్ల అయ్యే పని. మన రెండు రాష్ట్రాల్లో ఏ మండలంలో ఏ జాతి కోతి ఉందో చూపించే తాజా పటం ఒక్కటి ప్రభుత్వం దగ్గర ఉంటే ఏ టెండర్ అయినా దాన్నిబట్టి ఇవ్వచ్చు. ఆ పని చేయడానికి కోట్లు అక్కర్లేదు, డిగ్రీ కాలేజీల జంతుశాస్త్రం పిల్లలు వాళ్ల వాళ్ల ఊళ్లలో తోక కనబడేలా ఫొటోలు తీసి, ఊరి పేరు రాసి పంపితే చాలావరకు తేలిపోతుంది, కలిసిపోయిన గుంపుల దగ్గర అనుమానం ఉంటే పేడలోంచి డీఎన్ఏ తీసి చెప్పగల లాకోన్స్ అనే వన్యప్రాణి ప్రయోగశాల హైదరాబాద్ అత్తాపూర్‌లోనే ఉంది. నాకు తెలిసిన పాత విద్యార్థులు కొందరు లెక్చరర్లయ్యారు, నేను వాళ్లను అడుగుతాను. మీరు చేయాల్సింది, ఆ ఫొటోలోని బోన్లను ఏ రేంజ్‌లో, ఏ ఊరి పక్కన, ఏ తేదీన తెరిచారో, బానెట్ కోతుల్ని పట్టడానికి అనుమతి పత్రం ఉందో లేదో ఆ మున్సిపాలిటీని అడిగి అదే పేజీలో వేయడం. కాగితం చూపించలేకపోతే ఆ సంగతే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జంతుశాస్త్రం లెక్చరర్,
సూర్యాపేట జిల్లా